రేలంగి వెంకటరామయ్య

అనంతపురపు మెట్టసీమలో వాన అరుదు. అయినను అచ్చట నవ్వునకు కరవు లేకుండెను. చిలమత్తూరు, హిందూపురము, ధర్మవరము ప్రాంతముల పల్లెలలో పూర్వము పొలము పనులు ముగిసిన పిమ్మట తోలుబొమ్మలాటవారు వచ్చి తెర కట్టెడివారు. ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంట నేటికిని ఈ విద్యకు ప్రసిద్ధి. రామాయణ కథ సాగుచుండగా నడుమ నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క అను రెండు బొమ్మలు తెర మీదికి వచ్చి పాడుచు, ఆడుచు, ఒకరినొకరు దెప్పుకొనుచు నవ్వులు పండించెడివి. కునికిపాట్లు పడు పిల్లలు ఆ గొంతులు వినగానే లేచి కూర్చుండెడివారు.

సినిమా వచ్చిన తరువాత తెర మారినది గాని, నవ్వించుటకు ఒక జంట కావలెనను కోరిక మారలేదు. 1950 తరువాత తెలుగు ప్రేక్షకులకు ఆ జంట రేలంగి, రమణారెడ్డి రూపమున లభించెను. వారిలో పెద్దవాడు, పాటగాడు కూడ అయిన రేలంగి వెంకటరామయ్య ఆ స్థానమునకు చేరుటకు చాలకాలము పట్టెను.

రేలంగి 1910వ సంవత్సరమున కాకినాడ సమీపమందలి రావులపాడు గ్రామమున జన్మించెను. తండ్రి సంగీతము, హరికథలు నేర్పెడివాడు. చిన్నతనముననే తల్లి మరణించెను. ఇంట నిత్యము హార్మోనియము మ్రోగుచుండుటచే బాలునకు రాగతాళములు మాటలతోపాటే పట్టుబడెను. చదువు మీద కంటె నాటకముల మీదనే మనసు నిలిచెను. కాకినాడలోని యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు ఆ కాలమున అనేకులైన నటులకు బడి వంటిది. రేలంగి ఆ క్లబ్బు నాటకములలో పాల్గొనెను. స్త్రీలు రంగస్థలమునకు వచ్చుట అరుదైన ఆ దినములలో ఆయన స్త్రీ వేషములును ధరించెను. తరువాతి కాలమున ఆయన లావుపాటి దేహమును చూచిన వారికి ఈ సంగతి నమ్మశక్యము కాదు!

ఆనాడు తెలుగు చిత్రములు పెక్కు కలకత్తాలో తయారగుచుండెను. దర్శకుడు సి. పుల్లయ్య 1935లో తీసిన శ్రీకృష్ణ తులాభారములో రేలంగికి ఒక చిన్న వేషము దొరకెను. దానితో దశ తిరుగునని తలంచియుండవచ్చును. తిరుగలేదు. పుల్లయ్య వద్దనే సహాయకుడుగా చేరి, నటులను కుదుర్చుట, నిర్మాణపు పనులు చక్కబెట్టుట మున్నగునవి చేయవలసి వచ్చెను. ఇతరులకు వేషము లిప్పించుచు, తాను మాత్రము చిల్లర వేషములతో తృప్తిపడుచు ఆయన పదునాలుగేండ్లు గడపెను. అంతకాలము ఎదురుచూచుట సామాన్యమైన పని కాదు. నడివయస్సు దగ్గరపడుచుండగా ఎందరో ఊరికి తిరిగిపోయి వేరొక వృత్తి చూచుకొందురు. రేలంగి చిత్రసీమను విడువలేదు.

ఆయన అదృష్టమును తెరచినవాడు అనంతపురము సీమవాడే. తాడిపత్రికి చెందిన కె. వి. రెడ్డి 1949లో గుణసుందరి కథ అను చిత్రమునకు దర్శకత్వము వహించెను. అందు రాజుగారి డాంబికపు అల్లుండ్రలో ఒకనిగా రేలంగి నటించెను. అప్పటికి ఆయనకు ముప్పదితొమ్మిదేండ్లు. ప్రేక్షకులు ఆయనను గుర్తుంచుకొనిరి. రెండేండ్ల తరువాత, 1951లో, అదే దర్శకుడు తీసిన పాతాళభైరవిలో రేలంగి రాజుగారి బావమరిది శూరసేనుడాయెను. రాకుమారిని వలచి, ఆమె తన్ను లెక్కచేయకున్నను గ్రహింపలేని వెంగళాయి యతడు. ఆ పాత్రకు పాటను రేలంగియే స్వయముగా పాడెను. హాస్యగీతము పాడుట సులభమని కొందరనుకొందురు. శ్రుతి, తాళము తెలియనివాడు పాడినచో వినువారికి విసుగు పుట్టును. అవి బాగుగ తెలిసినవాడే ఎచ్చట గొంతు ఒలకబోయవలెనో, ఎచ్చట ఆపవలెనో ఎరుగును. తండ్రి నేర్పిన విద్య రేలంగికి ఇచ్చట అక్కరకు వచ్చెను.

ఈ సమయముననే నెల్లూరు జిల్లానుండి తిక్కవరపు వెంకటరమణారెడ్డి చిత్రసీమకు వచ్చెను. ఆయన 1921లో జన్మించినవాడు. కొంతకాలము శానిటరీ ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగము చేసినవాడు. ఇంద్రజాల విద్యయందు నేర్పరి. రేలంగి పొట్టిగా, గుండ్రముగా నుండగా రమణారెడ్డి పొడవుగా, వెదురుబద్ద వలె సన్నముగా నుండెను. ఒకరిది గోదావరి మాట, మరియొకరిది నెల్లూరి యాస. ఇరువురు ప్రక్కప్రక్కన నిలిచిన చాలును, మాట పుట్టకమునుపే జనము నవ్వెడివారు.

అయితే ఆకారములోని తేడా ఒక్కటే జంటను నిలబెట్టదు. ఒకడు మాటలాడునప్పుడు రెండవవాడు ఊరకుండవలెను. ఊరకున్నను ముఖముతో బదులు చెప్పుచుండవలెను. తానే నవ్వు దోచుకొనవలెనను ఆశ ఎవరిలో పుట్టినను ఆట చెడును. పదునాలుగేండ్లు ఇతరుల వేషములకై తిరిగిన రేలంగికి ఎదుటివానికి చోటిచ్చుట కొత్త విద్య కాదు. తనకంటె పదునొకండేండ్లు చిన్నవాడైన సహనటుని ప్రక్కన ఆయన నిబ్బరముగ నిలిచెను. కొన్ని చిత్రములలో ఇరువురును ఎదురెదురుగా నిలిచిరి. మరికొన్నిటిలో వేరువేరు పాత్రలతో కథను చెరొకవైపు మోసిరి. 1955లో వచ్చిన మిస్సమ్మలో రమణారెడ్డి బాకీ పేరిట నాయికను వేధించు డేవిడు. రేలంగి దేవయ్య యను బిచ్చగాడు. భిక్షకుని పాటను రేలంగి తన కంఠముతోనే పాడెను. 1957లో కె. వి. రెడ్డి తీసిన మాయాబజారులో రేలంగి దుర్యోధనుని కుమారుడైన లక్ష్మణకుమారుడు, రమణారెడ్డి ఘటోత్కచుని పరివారమందలి చిన్నమయ్య. శశిరేఖ రూపమున నున్న ఘటోత్కచుడు పెండ్లిపీటల మీద కాలు త్రొక్కినప్పుడు పెండ్లికుమారుని ముఖమున బాధ, బింకము ఒక్కసారిగ కనిపించును. ఆ బింకమే మన నవ్వునకు కారణము. 1959లో వచ్చిన అప్పుచేసి పప్పుకూడులోను వారిరువురును నటించిరి.

రేలంగి మూడువందలకు పైగా చిత్రములలో నటించెను. తాడేపల్లిగూడెమున స్థిరపడి, అచ్చట తన పేరిట ఒక సినిమాహాలు కట్టించెను. ఒకనాడు వేషమునకై వేచినవాని పేరు ఇప్పుడు హాలు నుదుటనే వెలసెను. 1970లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదమిచ్చెను. తెలుగు హాస్యనటులలో ఆ గౌరవము పొందిన మొదటివాడు ఆయనయే.

కాని అప్పటికే దేహము సహకరించుట మానెను. నడుమునొప్పి ఆయనను మిక్కిలి బాధించెను. నిలుచుట, కూర్చుండుటయే కష్టమైనవానికి గంతులు వేసి నవ్వించుట ఎట్లు సాధ్యము? చిత్రములు తగ్గెను, పద్మనాభము, రాజబాబు మొదలగు చిన్నవారు ముందుకు వచ్చిరి.

1974వ సంవత్సరము నవంబరు 11వ తేదీన రమణారెడ్డి మరణించెను. తాడేపల్లిగూడెములో నున్న రేలంగి మరియొక యేడు మాత్రమే జీవించి, 1975 నవంబరు 27వ తేదీన కన్నుమూసెను.