మసతాకా తాకెత్సురు

మసతాకా తాకెత్సురు (జూన్ 20, 1894 - ఆగష్టు 29, 1979) జపాన్ విస్కీ పితామహుడిగా ప్రసిద్ధుడు. ఈయన హిరోషిమా ప్రాంతంలోని తాకెహారాలో, బియ్యంతో సాకే అనే మద్యం తయారుచేసే కుటుంబంలో జన్మించాడు. 1918లో స్కాట్లాండు వెళ్ళి గ్లాస్గోలో రసాయనశాస్త్రం చదివి, విస్కీ తయారీ నేర్చుకున్నాడు. 1920లో రీటా కోవన్ అనే స్కాట్లాండు యువతిని వివాహమాడి స్వదేశానికి తిరిగివచ్చాడు.

షింజిరో తోరీ సంస్థ తరఫున యమజాకి కర్మాగార నిర్మాణానికి సారథ్యం వహించాడు. 1929లో వెలువడిన తొలి విస్కీని పొగవాసన ఎక్కువన్న కారణంతో జపనీయులు ఆదరించలేదు. బార్లీ మొలకలను పీట్ మంటపై ఆరబెట్టడం వల్ల కలిగే ఆ వాసనే స్కాచ్ ప్రియులకు సుగుణం. తాకెత్సురు కోరినదీ అదే. 1934లో ఆ సంస్థను వీడి, శీతల ప్రాంతమైన హొక్కైడో దీవిలోని యోయిచిలో స్వంత కర్మాగారం స్థాపించాడు. విస్కీ పీపాలలో పక్వమవడానికి ఏళ్ళు పడుతుంది గనుక అంతవరకు ఆపిల్ రసం అమ్మవలసివచ్చింది. తొలి విస్కీ 1940లో వెలువడింది. దాని పేరు నిక్కా. ఇందులో "ని" నిప్పన్ (జపాన్) నుండి, "కా" పండ్లరసమనే అర్థంగల కాజు నుండి వచ్చాయి.