రామానుజన్ ఒంటరి వంట

1914 ఏప్రిల్‌లో గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ ఇంగ్లండ్ చేరారు. మద్రాసు ఇంట్లో తల్లి, భార్య ఉండేవారు. కేంబ్రిడ్జిలో ఎవరూ లేరు. శాకాహార నియమం తప్పని ఆయన ట్రినిటీ కాలేజీ భోజనశాలకు దూరంగా, గదిలోనే వండుకునేవారు. లెక్కల్లో మునిగితే పొయ్యి వెలిగేది వేళకాని వేళలోనే. ఆ ఏడాదే మొదలైన ప్రపంచ యుద్ధంతో కూరగాయలకూ కటకట వచ్చింది. 1917లో మంచాన పడ్డారు. శానిటోరియంలోని తిండి సయించలేదు. 1918లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. 1919లో తిరిగివచ్చి, 1920 ఏప్రిల్ 26న 32 ఏళ్లకే కన్నుమూశారు.

క్షయ అని అప్పటి వైద్యులు భావించారు. కాలేయానికి సోకిన అమీబా వ్యాధి కావచ్చని తర్వాతివారు అనుమానించారు. జబ్బు ఏదైనా, కోలుకోవడానికి కావాల్సిన వేళకు భోజనం మాత్రం ఆ పరాయి గదిలో దొరకలేదు.