గొలగమూడి అవధూత

పడమటి కొండలను దాటి వచ్చే పెన్నానది నెల్లూరు సీమను వరిపొలాలతో నింపి, తూర్పున బంగాళాఖాతంలో కలుస్తుంది. మొలగొలుకుల బియ్యానికి పేరుగాంచిన సీమ ఇది. అయినా పంట పండిన చోటనే ఆకలి కూడా ఉండేది. పొలమున్నవారి గాదెలు నిండినా కూలికి పోయేవారి కుండలు నిండని కాలమది. ఆ కాలంలో పుట్టిన అక్షరజ్ఞానం లేని ఒక పల్లెవాసి, తన పేరిట నేటికీ వేలాది మందికి అన్నం దొరికే స్థలానికి మూలపురుషుడయ్యాడు. ఆయనే భగవాన్ వెంకయ్యస్వామి.

వెంకయ్యస్వామి జన్మస్థలం నెల్లూరు జిల్లా చేజర్ల మండలంలోని నాగులవెల్లటూరు. తల్లి పిచ్చమ్మ, తండ్రి పెంచలయ్య. పెంచలకోన నరసింహస్వామిని కొలిచే ఆ ప్రాంతంలో పెంచలయ్య అనే పేరు ఇంటింటా వినిపించేదే. వెంకయ్య బడికి పోయి చదువుకోలేదు. పల్లెలోని తోటివారివలె సేద్యపు పనులు చేస్తూ పెరిగాడు. పనిలో నేర్పు, మాటలో నిజాయితీ ఉన్న యువకునిగా ఊరివారికి పరిచితుడు.

యౌవనంలో ఆయనకు తీవ్రమైన జ్వరం వచ్చింది. అది తగ్గిన తరువాత ఆయన ప్రవర్తన మారిపోయిందని చరిత్రకారులు వ్రాశారు. ఇల్లు పట్టకుండా తిరగడం, తనలో తాను మాట్లాడుకోవడం, అడవుల్లో ఒంటరిగా కాలం గడపడం చూసి బంధువులు కలత చెందారు. ఊరివారు ఆయనను పిచ్చి వెంకయ్య అని పిలవసాగారు. కన్నవారికి అది ఎంతటి దుఃఖమో ఊహించవచ్చు. ఎదిగిన కుమారుడు కళ్ళ ఎదుట ఉండి కూడా చేతికి అందకుండా పోయాడు. కొంతకాలానికి కళ్ళ ఎదుట ఉండటం కూడా మానివేశాడు.

మన సంప్రదాయంలో దేహాభిమానాన్ని, లోకమర్యాదలను విదిల్చివేసిన జ్ఞానిని అవధూత అంటారు. దత్తాత్రేయుడు అట్టివారికి ఆదిగురువు. అవధూతకు, మతి చలించినవానికి మధ్య ఉన్న భేదం బయటి చూపుకు అందదు. ఇద్దరూ చినిగిన బట్టతోనే తిరుగుతారు. ఇద్దరూ మానావమానాలను లెక్కచేయరు. కాలం గడిచి, వారి చుట్టూ ఉన్న జీవితాలు ఏ విధంగా మారాయో చూచినప్పుడే ఆ భేదం తెలుస్తుంది. వెంకయ్యస్వామి విషయంలో ఆ గుర్తింపు రావడానికి అనేక సంవత్సరాలు పట్టింది.

పెన్నాతీరంలోని పల్లెలలోను, కొండలలోను ఆయన చిరకాలం సంచరించాడు. ఎక్కడ ఆగినా కట్టెలు పేర్చి ధుని వెలిగించేవాడు. తంబుర మీటుతూ నారాయణ నామం పాడేవాడు. కష్టం చెప్పుకోవడానికి వచ్చినవారికి దారాలు ఇచ్చేవాడు. వ్రాయడం రాని ఆయన కాగితాలపై తన వేలిముద్రలు వేసి ఇచ్చేవాడు. వాటిని భక్తులు రక్షగా భావించి భద్రపరచుకొన్నారు. రోగాలు నయమైనాయని, ఆపదలు తొలగినాయని వారు చెప్పుకొన్న సంగతులు అనేకం. అవి విశ్వాసానికి సంబంధించినవి. విశ్వాసం లేనివారు సైతం కాదనలేని విషయం ఒకటున్నది. ఏమీ లేని ఆ మనిషి తన దగ్గరకు వచ్చినదానిని తనదిగా ఉంచుకోలేదు.

చివరి దశలో స్వామి నెల్లూరుకు సమీపంలో, వెంకటాచలం మండలంలోని గొలగమూడిలో స్థిరపడ్డాడు. సత్యం, భూతదయ, అన్నదానం ఆయన ఆచరించి చూపిన ధర్మాలు. విద్యానగర్ కళాశాలలో ఆంగ్లోపన్యాసకులుగా పనిచేసిన ఎక్కిరాల భరద్వాజ తమ రచనల ద్వారా ఆయనను తెలుగు పాఠకులకు పరిచయం చేశారు. పెసల సుబ్బరామయ్య అవధూతలీల అనే గ్రంథంలో ఆయన చరిత్రను వివరంగా వ్రాశారు. ఒక్క అక్షరమైనా వ్రాయని మనిషి జీవితం ఈ విధంగా గ్రంథస్థమైనది. 1982 ఆగస్టు 24న వెంకయ్యస్వామి గొలగమూడిలో సమాధి చెందాడు.

ఆ దినాన్ని పురస్కరించుకొని ఏటా ఆగస్టు 18 నుండి 24 వరకు గొలగమూడిలో ఆరాధనోత్సవాలు జరుగుతాయి. చిన్నపల్లె ఆ వారం రోజులూ జనసముద్రమవుతుంది. స్వామిని వాహనాలపై ఊరేగిస్తారు. తెప్పోత్సవం, రథోత్సవం కన్నులపండువుగా సాగుతాయి. ఒకవైపు అఖండ ధుని వెలుగుతూ ఉంటుంది. మరొకవైపు నారాయణ నామం ఎడతెగక వినిపిస్తుంది. పొలం పనులు ముగించుకొని వచ్చిన రైతులు, తీరగ్రామాల మత్స్యకారులు, పట్టణాల ఉద్యోగులు సమాధిని దర్శించి, పంక్తిలో పక్కపక్కన కూర్చొని భోజనం చేస్తారు. ఉత్సవ దినాలలోనే కాక, ప్రతి శనివారం కూడా భక్తులు వచ్చి ఆ రాత్రి అక్కడ నిద్రచేసి వెళ్తారు.

పుణ్యపురుషుని స్మృతిని అన్నంతో ముడివేయడం ఒక్క గొలగమూడికే పరిమితం కాదు. నెల్లూరు నగరంలోని స్వర్ణాల చెరువు వద్ద, బారాషహీద్ దర్గాలో మొహర్రం మాసంలో జరిగే రొట్టెల పండుగలో మతభేదం లేకుండా ప్రజలు రొట్టెలు ఇచ్చిపుచ్చుకొంటారు. దూరదేశమైన ఇటలీలో పాదువా నగరం 1231 జూన్ 13న మరణించిన పునీత అంతోనివారిని తన రక్షకునిగా భావించి, ఏటా ఆ తేదీన ఊరేగింపు జరుపుతుంది. ఆయన పేరిట పేదలకు రొట్టె పంచే ఆచారం క్రైస్తవ లోకంలో అనేక చోట్ల ఉన్నది. భాషలు వేరు, విశ్వాసాలు వేరు. అయినా మహనీయుని తలచుకొన్న చోట ఆకలిగొన్నవాడు గుర్తుకురావడం అంతటా ఒకటే.

కట్టుబట్ట తప్ప ఆస్తి లేనివానికి అలంకరించిన రథమెందుకు అని ఎవరికైనా సందేహం కలగవచ్చు. ఆ సందేహం న్యాయమైనదే. రథం భక్తుల సంతోషానికి గుర్తు. స్వామి జీవితానికి గుర్తు మాత్రం భోజనశాలలోని పంక్తి. అక్కడ వచ్చినవాని కులమేదో, హోదా ఏదో అడిగి విస్తరి వేయరు. మాసిన బట్టలతో, తనలో తాను మాట్లాడుకొంటూ ఒక మనిషి ఆ పంక్తిలోకి వచ్చి కూర్చున్నా అతనికీ అన్నం వడ్డిస్తారు. ఒకనాడు తమ మధ్య తిరిగిన అట్టి మనిషిని పిచ్చివాడని పిలిచిన సీమ, నేడు ఆయనకు చెల్లిస్తున్న నిజమైన ఆరాధన అదే.