తల దొరకని డైనోసార్

పిల్లలూ, బదిలీ మీద కొత్త బడికి వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళు మన యాస వింటారు, మన టిఫిన్ డబ్బా చూస్తారు. మిగతాదంతా ఊహించుకుంటారు. మనమూ వాళ్ళ గురించి అలాగే ఊహించుకుంటాం. కొంచెం చూసి ఎంతవరకు చెప్పవచ్చో తెలిసిన ఒక శాస్త్రవేత్త గురించి ఈసారి తెలుసుకుందాం.

జోసెఫ్ లీడీ 1823లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టారు. చిన్నప్పుడే తల్లి చనిపోతే సవతి తల్లి ప్రేమగా పెంచింది. బొమ్మలు బాగా గీసే కొడుకు సైన్‌బోర్డులు రాసుకుని బతకాలని తండ్రి అనుకున్నారు. లీడీ మాత్రం వైద్యం చదివి, 1853లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్ర ఆచార్యులయ్యారు.

1858లో న్యూజెర్సీలోని హాడన్‌ఫీల్డ్‌లో, ఒక పొలంలోని మట్టిగుంట నుంచి విలియం ఫౌల్క్ పెద్ద ఎముకలు తవ్వించారు. వాటిని పరిశీలించిన లీడీ ఆ జంతువుకు హాడ్రోసారస్ అని పేరు పెట్టారు. దవడ ముక్కలు, పళ్ళు తప్ప తల దొరకలేదు. అయినా ఆ పళ్ళు ఇంగ్లండ్‌లో దొరికిన ఇగ్వానోడాన్ పళ్ళను పోలి ఉన్నాయని ఆయన గుర్తించారు. అంటే ఇది ఆకులలములు తినే జంతువు, సముద్రం అవతలి దానికి చుట్టం! ముందు కాలి పై ఎముక పొడవు తొడ ఎముకలో దాదాపు సగమే. కాబట్టి ఇది వెనుక కాళ్ళపై నిలబడగలిగేదని ఆయన భావించారు.

అప్పటికి లండన్‌లో ఇగ్వానోడాన్ బొమ్మలు ఖడ్గమృగంలా నాలుగు కాళ్ళ మీద ఉండేవి. వాటిని చేసిన హాకిన్సే 1868లో ఫిలడెల్ఫియాలో హాడ్రోసారస్ అస్థిపంజరాన్ని రెండు కాళ్ళపై నిలబెట్టారు. ప్రపంచంలో ప్రదర్శనకు నిలబెట్టిన మొదటి డైనోసార్ అస్థిపంజరం అదే. తల మాత్రం ఇగ్వానా బల్లిని చూసి ఊహించి చేసినది. తర్వాత దీని బంధువుల పుర్రెలు దొరికాక, ఈ కుటుంబానికి బాతు ముక్కులాంటి వెడల్పాటి మూతి ఉందని తెలిసింది. అవి కంగారూలా నిటారుగా కాక, వెన్నును నేలకు సమాంతరంగా ఉంచి, తోక ఎత్తి నడిచేవని కూడా తేలింది. చుట్టరికం విషయంలో లీడీ మాట మాత్రం నేటికీ నిలిచింది.

తర్వాత కోప్, మార్ష్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎముకల కోసం పోటీపడి గొడవపడుతుంటే, లీడీ పక్కకు తప్పుకుని సూక్ష్మజీవుల అధ్యయనంలో మునిగిపోయారు. 1891లో కన్నుమూశారు.

వచ్చే ఏడాది మనం ఏ ఊళ్ళో ఉంటామో! అక్కడ పక్క బెంచీలో కూర్చున్నవారి గురించి ఏదో ఒకటి అనుకునే ముందు, ఆ డైనోసార్‌కు పెట్టిన బల్లి తలను ఒకసారి గుర్తు చేసుకుందాం.