చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్

హైదరాబాదులో పురానీ హవేలీ దగ్గరి దుర్రె షెహ్వార్ ఆసుపత్రి మనలో చాలామందికి తెలుసు. ఆ రాకుమారి తండ్రి ఎవరంటే మాత్రం పిల్లలు తెల్లముఖం వేస్తారు. ఆయనే తుర్కీ ఉస్మానీ వంశపు ఆఖరి ఖలీఫా, రెండవ అబ్దుల్ మజీద్. ఆరువందల ఏళ్ల సల్తనత్ ఎట్లా పోయిందో తెలియాలంటే ఆయన జీవితం చూస్తే చాలు.

ఆయన 1868లో ఇస్తాంబుల్‌లో పుట్టారు. తండ్రి సుల్తాన్ అబ్దుల్ అజీజ్‌ను 1876లో గద్దె దించారు. కొద్దిరోజులకే తండ్రి పోయాడు. అప్పటికి పిల్లవానికి ఎనిమిదేళ్లు. తర్వాత ఏళ్ల తరబడి మహల్ గోడల మధ్యనే, నిఘాలో బతుకు. చదువు, సంగీతం, చిత్రలేఖనం ఆయనకు తోడయ్యాయి. మంచి చిత్రకారుడని పేరు తెచ్చుకున్నారు.

1912-13 బాల్కన్ యుద్ధాలలో ఐరోపాలోని ఇలాకా దాదాపు అంతా పోయింది. ఆ గాయం మానకముందే 1914లో అన్వర్ పాషా మొదలైనవారు దేశాన్ని జర్మనీ పక్షాన మహాయుద్ధంలోకి దింపారు. 1915లో గల్లిపోలీలో గెలిచారు, నిజమే. కాని 1917లో బగ్దాదు, జెరూసలేం చేజారాయి. ధరలు మండిపోయాయి, ఆకలి, జబ్బులు ప్రబలాయి. 1918 అక్టోబరు 30న ఓటమి ఒప్పుకోక తప్పలేదు.

ఓడిన రాజులందరూ గద్దె పోగొట్టుకోరు గదా! ఇక్కడ అసలు దెబ్బ ఓటమి తర్వాత తగిలింది. శత్రువుల ఓడలు రాజధాని ముందు నిలిచాయి. సుల్తాన్ వహీదుద్దీన్ గెలిచినవాళ్లను మంచి చేసుకుని తఖ్తు నిలుపుకోవాలనుకున్నాడు. 1920 ఆగస్టు 10న దేశాన్ని ముక్కలు చేసే సెవ్ర్ సంధిపై ఆయన ప్రతినిధులు సంతకం పెట్టారు. అదే సమయంలో అనతోలియాలో ముస్తఫా కమాల్ వెంట జనం ప్రాణాలొడ్డి పోరాడుతున్నారు. ప్రజలొక దిక్కు, రాజొక దిక్కు అయ్యారు. 1921లో మజీద్ కుమారుడు ఉమర్ ఫారూఖ్ ఆ పోరాటంలో చేరుదామని ఓడెక్కి వెళితే, అంకారావారు వెనక్కి పంపేశారు. రాజకుటుంబం సాయమే వారికి అక్కరలేకపోయింది!

1922 నవంబరు 1న సల్తనత్ రద్దయింది. పదహారు రోజులకు వహీదుద్దీన్ ఇంగ్లీషువాళ్ల యుద్ధనౌకలో వెళ్లిపోయాడు. మజీద్‌ను ఖలీఫాగా ఎన్నుకున్నారు గాని చేతికి అధికారమివ్వలేదు. 1924 మార్చి 3న ఆ పదవీ తీసేశారు. ఆ రాత్రే కుటుంబంతో దేశం విడిచారు. ఖిలాఫత్ కోసం జైళ్లకు పోయిన మన హిందుస్తానీలకు అది పిడుగుపాటే.

ఫ్రాన్సులో ఉన్న ఆయనకు నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ నెలనెలా పైకం పంపారు. 1931లో దుర్రె షెహ్వార్ నిజాం పెద్దకొడుకు ఆజంజాకు భార్య అయింది. యుద్ధం ఆయనను చివరిదాకా వదలలేదు. 1944 ఆగస్టు 23న, పారిస్ విముక్తి పోరాటం సాగుతుండగానే కన్నుమూశారు. సొంతగడ్డలో ఖబరుకు చోటు దొరకలేదు. చివరికి 1954లో మదీనాలోని జన్నతుల్ బఖీలో ఖననం చేశారు.

యుద్ధానికి దిగే నిర్ణయం ఆయనది కాదు. అయినా దాని బాకీ ఆయన గుమ్మం ముందుకే వచ్చింది. కష్టకాలంలో ప్రజల పక్కన నిలబడని గద్దె, ఎన్ని వందల ఏళ్లదైనా నిలవదని మన పిల్లలకు ఈ కథతో చెప్పవచ్చు.