పక్కా నౌకరీ వదిలి కూలీల వైపు నడిచిన మఖ్దూమ్

తిరువూరు దగ్గరి వినగడప లాంటి ఊళ్లలో పత్తి తీతలు, మిర్చి కోతలు ఉన్నన్నాళ్లే కూలి. అవి అయిపోతే పని ఎప్పుడు దొరుకుతుందో తెలీదు. కిరాణా కొట్లో ఖాతా పెరుగుతుంది, పిల్లల చదువు ఆగుతుంది, ఆడపిల్ల నికాహ్ వాయిదా పడుతుంది. రేపటి పనికి భరోసా లేని బతుకు ఎలా ఉంటుందో చిన్నప్పుడే చూసిన మనిషి మఖ్దూమ్ మొహియుద్దీన్. చాలామందికి ఆయన ఉర్దూ షాయర్‌గానే తెలుసు.

మఖ్దూమ్ 1908 ఫిబ్రవరి 4న మెదక్ జిల్లా అందోలులో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోయారు. చిన్నాన్న ఇంట్లో పెరిగారు. మసీదు ఊడ్చడం, నీళ్లు నింపడం ఆయన పనులు. చదువు కోసం హైదరాబాద్ వచ్చాక నిలకడైన ఆదాయం లేదు. కొన్నాళ్లు బొమ్మలు అమ్మారు, కొన్నాళ్లు ట్యూషన్లు చెప్పారు, పత్రికలోనూ పనిచేశారు. అలాగే ఉస్మానియాలో ఎం.ఏ. పూర్తి చేశారు.

1939లో సిటీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. నిజాం కాలంలో సర్కారీ నౌకరీ అంటే నెల జీతం, బజారులో పరువు, ఇంటికి ధీమా. అలాంటి నౌకరీని రెండు మూడేళ్లు తిరక్కుండానే ఆయన వదిలేశారు. సిగరెట్ ఫ్యాక్టరీ, బటన్ల ఫ్యాక్టరీ, సిమెంట్, రైల్వే కార్మికులతో కలిసి యూనియన్లు కట్టారు. 1946లో ఏర్పడిన ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడయ్యారు.

కూలి తక్కువ కావడం ఒక కష్టమైతే, ఎప్పుడు పనిలోంచి తీసేస్తారో తెలియకపోవడం ఇంకో కష్టం. ఆ భయం ఉన్నవాడు జబ్బు చేసినా నాగా పెట్టలేడు, అన్యాయం జరిగినా నోరు తెరవలేడు. ఒక్కడు అడిగితే గేటు బయట నిలబెట్టేస్తారు, వందమంది కలిసి అడిగితే వినక తప్పదు. యూనియన్ బలమంతా అక్కడే ఉంది. అందులో హిందువులు, ముస్లింలు అన్న తేడా లేదు.

ఈ దారికి ఆయన ఇల్లు కూడా మూల్యం కట్టింది. తెలంగాణ పోరాట కాలంలో ఏళ్ల తరబడి అజ్ఞాతంలో ఉన్నారు. 1951లో అరెస్టయ్యారు. విడుదలయ్యాక 1952లో హుజూర్‌నగర్ ఉపఎన్నికలో గెలిచి అసెంబ్లీకి వెళ్లారు. తర్వాత శాసనమండలిలో ప్రతిపక్ష నాయకుడిగా ఉన్నారు.

1969 ఆగస్టు 25న ఢిల్లీలో గుండెపోటుతో ఇంతెకాల్ అయ్యారు. అదే ఏడాది ‘బిసాతె రఖ్స్’ కవితా సంపుటికి సాహిత్య అకాడమీ అవార్డు దక్కింది. హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లోని మఖ్దూమ్ భవన్ ఆయన పేరును నిలబెట్టింది.

ఇప్పుడు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కూలీలున్నారు, నగరాల్లో బండి మీద డెలివరీ చేసే కుర్రాళ్లున్నారు. పని మారింది గానీ, రేపటి భయం మారలేదు. మఖ్దూమ్ షాయరీతో పాటు ఆయన కట్టిన యూనియన్ల సంగతి కూడా మన పిల్లలకు చెప్పాలి.