హేలీ మహాశయుడు – తోకచుక్క భయము

లోకము అంతమగునను మాట మనుజులకు క్రొత్తది కాదు. ఆకాశమున తోకచుక్క పొడసూపినను, పట్టపగలు సూర్యుడు మరుగుపడినను, గ్రహములు ఒక్క రాశిలో కూడినను, ప్రళయము వచ్చుచున్నదని జనులు కలవరపడుట అన్ని దేశములందును జరిగినదే. రేపు ఏమగునో తెలియనపుడు మనస్సు కీడునే ముందుగా ఊహించును. ఆ భయమును పరిహసింపక, దానికి లొంగిపోక, లెక్కవేసి దాని కొలత తెలిసికొనుటకు జీవితమెల్ల ధారపోసిన మహనీయుడు ఎడ్మండ్ హేలీ. ఒక తోకచుక్కకు ఆయన పేరు నిలిచియున్నదని చాలమందికి తెలియును. ఆ పేరు వెనుకనున్న జీవితము అంతకంటెను తెలిసికొనదగినది.

హేలీ 1656వ సంవత్సరము నవంబరు 8వ తేదీన ఇంగ్లండులో, లండను నగరము చెంత హాగర్‌స్టన్ అను గ్రామమున జన్మించెను. తండ్రి సబ్బులు చేయించి అమ్ము సంపన్న వర్తకుడు. బాలునికి ఎనిమిదేండ్ల ప్రాయమున, 1664 చివర, లండనువాసులు ఒక పెద్ద తోకచుక్కను చూచిరి. మరుసటి యేడు మరియొకటి కనబడెను. ఆ 1665లోనే నగరమున ప్లేగు చెలరేగెను. 68,000 మందికి పైగా ఆ వ్యాధికి బలియైనట్లు నాటి మరణపట్టికలలో నమోదయ్యెను. 1666 అను సంఖ్యలో బైబిలు గ్రంథమున చెప్పబడిన దుష్టసంఖ్య 666 ఇమిడియున్నదని, ఆ యేట లోకాంతము తప్పదని కొందరు ముందునుండియే భీతిల్లియుండిరి. ఆ సెప్టెంబరులో పట్టణము తగులబడి 13,000 ఇండ్లు బూడిదయ్యెను. తోకచుక్కలే ఈ కీడును తెచ్చినవని జనులు నిశ్చయించుకొనిరి. ఇట్టి మాటలు వినుచు పెరిగిన బాలుడు పెద్దవాడై ఆకాశమును చూచు పనికే పూనుకొనెను.

ఆక్స్‌ఫర్డులో చదువుచుండగనే, ఇరువది యేండ్ల వయస్సున, పట్టా పుచ్చుకొనకయే 1676లో ఓడనెక్కి దక్షిణ అట్లాంటిక్ సముద్రమునందలి సెయింట్ హెలీనా ద్వీపమునకు పోయెను. ఐరోపానుండి కనబడని దక్షిణపు నక్షత్రములను గుర్తించుట ఆయన ఉద్దేశము. అచట మబ్బులు, వానలు ఎంతగా అడ్డుపడినను ఓపికతో 341 నక్షత్రముల స్థానములను కొలిచి పట్టిక తయారుచేసెను. తిరిగి వచ్చిన పిమ్మట రాజాజ్ఞచేత ఆక్స్‌ఫర్డు పట్టమును, ఇరువదిరెండేండ్లకే రాయల్ సొసైటీ సభ్యత్వమును పొందెను.

1682లో ఆయనకు వివాహమయ్యెను. ఆ యేటనే ఆకాశమున నొక తోకచుక్క కనబడగా హేలీ దాని స్థానములను గుర్తించి వ్రాసికొనెను. అదియే తన పేరును శాశ్వతము చేయునని ఆనాడు ఆయన యెరుగడు. రెండేండ్లకు గొప్ప విపత్తు సంభవించెను. 1684 మార్చిలో ఒకనాడు తండ్రి ఇల్లు వెడలి మరల రాలేదు. ఏప్రిలులో ఆయన శవము రోచెస్టరు సమీపమున నదీతీరమున దొరకెను. రేపటి దినము ఎవ్వరికిని నిశ్చయము కాదని హేలీ ఇట్లు తన యింటిలోనే తెలిసికొనెను.

అదే సంవత్సరము ఆగస్టు మాసమున ఆయన కేంబ్రిడ్జికి పోయి న్యూటను మహాశయుని దర్శించెను. సూర్యుని ఆకర్షణచేత గ్రహము ఏ మార్గమున తిరుగునని ప్రశ్నింపగా, అది దీర్ఘవృత్తమని తాను ఇదివరకే లెక్కకట్టియుంటినని న్యూటను తెలిపెను. ఆ లెక్కను వెలుగులోనికి తెచ్చు భారమును హేలీ వహించెను. ప్రిన్సిపియా అను మహాగ్రంథము వ్రాయుమని న్యూటనును ప్రోత్సహించెను. అచ్చుతప్పులు తానే దిద్దెను. ఇతరుల వివాదములకు విసిగి మూడవ భాగమును విడిచిపెట్టుదునని న్యూటను పట్టుపట్టగా బ్రతిమాలి ఒప్పించెను. తోకచుక్కల గమనమును వివరించునది ఆ భాగమే. రాయల్ సొసైటీ తన ధనమును మత్స్యములను గూర్చిన గ్రంథమునకు వ్యయపరచి యుండుటచే, 1687లో ప్రిన్సిపియా ముద్రణవ్యయమును హేలీయే భరించెను. సొసైటీలో తనకు రావలసిన జీతమునకు బదులు ఆ మత్స్యగ్రంథపు ప్రతులను 50 పుచ్చుకొనవలసి వచ్చినను ఆయన వెనుదీయలేదు.

1691లో ఆక్స్‌ఫర్డున ఖగోళశాస్త్రాచార్యుని పదవి ఖాళీ కాగా హేలీ దానిని కోరెను. లోకము అనాదియని, అనంతమని ఆయన నమ్మునను నింద బయలుదేరి ఆ పదవి చేజారెను. ప్రళయమును నమ్మనివాడని లోకులు అనుమానించిన ఆ మనుష్యుడే 1694లో రాయల్ సొసైటీ యెదుట ఒక వ్యాసము చదివెను. పూర్వము జలప్రళయము కలిగినది తోకచుక్క తాకిడివలన కావచ్చునని అందులో సూచించెను. కాని దానిని వెంటనే అచ్చువేయింపలేదు. ముప్పది యేండ్లకు, 1724లో, అది వెలువడెను. తోకచుక్క భూమిని తాకుట అసంభవమని ఆయన ఎన్నడును చెప్పలేదు. లేని ధైర్యమును నటింపక, కీడునకు గల అవకాశమెంతయో విచారించుటయే ఆయన మార్గము.

మరణభయమునుగూడ హేలీ ఈ తీరుననే పరిశీలించెను. బ్రెస్లా నగరమున కాస్పర్ నాయ్‌మన్ అను మతాచార్యుడు పుట్టిన తేదీలను, చనిపోయినవారి వయస్సులను శ్రద్ధగా సేకరించెను. ఏడుచేతను, తొమ్మిదిచేతను భాగింపబడు వయస్సులు గండములని, 49, 63 ఏండ్లు మిక్కిలి ప్రమాదకరములని నాటి జనుల నమ్మిక. ఇది నిజమగునో కాదో చూచుటకే ఆయన ఆ లెక్కలు వ్రాసెను. గండపు వయస్సులకు ప్రత్యేకమైన మరణసంఖ్య ఏదియు కనబడలేదు. 1687 మొదలు 1691 వరకు గల ఆ పట్టికలు చేతికి రాగా హేలీ వానినుండి 1693లో ఒక జీవితపట్టికను నిర్మించెను. ఏ వయస్సువారు ఎంతమంది మరుసటి యేటికి మిగులుదురో అందులో తేటపడెను.

పుట్టిన శిశువులలో సగము మంది పదునేడేండ్లలోపలనే గతించుచుండిరని ఆ లెక్క చూపెను. కావున ఆ వయస్సు దాటినవారు ఆయువు చాలదని దుఃఖించుట న్యాయము కాదని, జీవించిన కాలమునకు సంతసింపవలెనని హేలీ ఉపదేశించెను. ఆ కాలమున ఇంగ్లండు ప్రభుత్వము ధనము పుచ్చుకొని జీవితాంతము వర్షాశనములు చెల్లించుచు, ముసలివానికిని పడుచువానికిని ఒకే వెల కట్టుచుండెను. వయస్సును బట్టి వెల నిర్ణయించు విధము ఆయన చూపెను. ఒక మనిషి ఎన్నడు చనిపోవునో ఎవ్వరును చెప్పలేరు. వేయిమందిలో ఎందరు మిగులుదురో చెప్పవచ్చును. ఇల్లాలు, బిడ్డలు దిక్కులేనివారు కాకుండ చేయు జీవితబీమా పిదప ఈ పునాదిమీదనే లేచెను.

1698 మొదలు 1700 వరకు ఆయన పారమూర్ అను చిన్న ఓడకు నాయకుడై అట్లాంటిక్ సముద్రమున దిక్సూచి ముల్లు ఎచ్చటెచ్చట ఎంతెంత ప్రక్కకు ఒరుగునో కొలిచెను. దక్షిణమున పొగమంచులో మంచుకొండల నడుమ చిక్కి ప్రాణాపాయము తప్పించుకొనెను. 1701లో ఆ కొలతలతో పటము ప్రకటించి నావికులకు త్రోవ చూపెను. 1704లో ఆక్స్‌ఫర్డు ఎట్టకేలకు ఆయనకు జ్యామితిశాస్త్రాచార్య పదవి నొసగెను.

పిమ్మట హేలీ పూర్వులు వ్రాసియుంచిన తోకచుక్కల వివరములను దగ్గర పెట్టుకొని, 24 తోకచుక్కల మార్గములను ఒక్కొక్కటిగా లెక్కించెను. యంత్రములు లేని ఆ దినములలో అది ఎంత శ్రమయో చెప్పనలవి కాదు. 1531లో, 1607లో, 1682లో వచ్చిన మూడింటి మార్గములును ఒక్కటిగ నుండెను. నడుమ కాలము ఒకసారి 76 ఏండ్లు, మరియొకసారి 75 ఏండ్లు. ఇవి మూడును వేరువేరు దూతలు కావని, ఒక్కటియే సూర్యుని చుట్టు తిరిగి వచ్చుచున్నదని ఆయన నిశ్చయించెను. 1758లో అది మరల వచ్చునని 1705లో ప్రకటించెను. గురుగ్రహపు ఆకర్షణచేత కొంత ఆలస్యము కలుగవచ్చుననియు పిమ్మట సూచించెను. అప్పటికి తాను బ్రతికియుండుటకు నూరేండ్లు దాటవలెను. తన మాట నిజమో కాదో తాను చూడజాలనని తెలిసియే ఆయన గడువు పెట్టెను.

తాను జీవించియుండగా నెరవేరిన జోస్యమొకటి కలదు. 1715 మే 3వ తేదీన లండను నగరమున సంపూర్ణ సూర్యగ్రహణము పట్టునని ఆయన లెక్కకట్టెను. అంతకు ముందటి యేడే క్రొత్త రాజు సింహాసనమెక్కెను. పట్టపగలు చీకటి క్రమ్మినచో రాజునకు, రాజ్యమునకు కీడని జనులు బెదరుదురని హేలీ గ్రహించి, చంద్రుని నీడ దేశముమీద ఏ దారిని పోవునో చూపు పటమును ముందుగనే అచ్చువేయించి పంచెను. జనులనుగూడ ఎచటివారచట గ్రహణమును గమనించి కాలము వ్రాసి పంపుడని కోరెను. ఇండ్లలో దాగవలసినవారు గడియారములతో బయటికి వచ్చిరి. గ్రహణము ఆయన చెప్పినదానికి నాలుగు నిమిషముల తేడాలో పట్టెను. నీడ దారిలో కలిగిన కొద్ది పొరపాటును హేలీ దాపక, వారు పంపిన వివరములతో దిద్ది క్రొత్త పటము వేయించెను.

ఆ యేటనే సముద్రపు ఉప్పు క్రమముగ పెరుగుటను కొలిచిన లోకమునకు ఎంత వయస్సో తెలియగలదని మరియొక వ్యాసము ప్రకటించెను. ఒకప్పుడు తనమీద పడిన నిందకు ఆయన ఇచ్చిన సమాధానము ఇది.

1720లో హేలీ గ్రీన్‌విచ్ వేధశాలకు రాజజ్యోతిశ్శాస్త్రజ్ఞుడయ్యెను. అప్పటికి అరువదిమూడేండ్లు నిండినవి. వేధశాలలో పనిముట్లు లేవు. వానిని సమకూర్చుకొని, చంద్రుని పదునెనిమిదేండ్ల ఆవర్తనమును మొదటినుండి తుదివరకు గమనింప బూనెను. ఆ వయస్సున అంత దీర్ఘకాలపు పని పూనుకొనుట సాహసమని తోచును గాని, ఆయన దానిని పూర్తిచేసెను. భార్యయు, కుమారుడును ఆయన కన్నులయెదుటనే గతించిరి. 1742 జనవరిలో, ఎనుబదియైదేండ్ల వయస్సున హేలీ దేహము చాలించెను.

గడువు సమీపించెను. ఫ్రాన్సులో క్లెరో, లలాండ్ అను పండితులును, నికోల్ రైన్ లపోత్ అను విదుషియు నెలలతరబడి ఉదయమునుండి రాత్రివరకు లెక్కలు వేసిరి. గురు శనుల ఆకర్షణచేత తోకచుక్క 618 దినములు ఆలస్యమై 1759 ఏప్రిలు నడుమ సూర్యుని సమీపించునని, ఒక నెల అటునిటు కావచ్చునని తేల్చిరి. పారిస్ నగరమున మెస్సియే అను పరిశోధకుడు ఏడాదికి పైగా వెదకుచుండెను. కాని దానిని మొదట చూచిన భాగ్యము జర్మనీ దేశమున డ్రెస్డెను చెంత ప్రోలిస్ అను పల్లెయందలి పాలిట్ష్ అను రైతుకు దక్కెను. ఆయన బడిలో ఖగోళశాస్త్రము నేర్చినవాడు కాడు. పొలము దున్నుకొనుచు, పుస్తకములు సంపాదించి స్వయముగ చదివికొన్నవాడు. దేశమున యుద్ధము సాగుచుండగా, 1758 డిసెంబరు 25వ తేదీ రాత్రి ఆయన దూరదర్శినిలో ఆ అతిథి కనబడెను. 1759 మార్చి 13వ తేదీన అది సూర్యుని సమీపించెను. అది మొదలు దానికి హేలీ పేరు స్థిరపడెను.

లెక్క తెలిసినంతమాత్రమున లోకమున భయము మాసిపోలేదు. 1773లో లలాండ్ భూమికి సమీపించు తోకచుక్కలను గూర్చి వ్యాసము వ్రాయగా, కాలము చాలక సభలో అది చదువబడలేదు. చదువబడని వ్యాసమున ప్రళయపు తేదీ కలదని పారిస్‌లో వదంతి పుట్టి జనులు తల్లడిల్లిరి. వ్యాసము అచ్చుపడి చేతికి వచ్చినపుడు అందులో అట్టి తేదీయే లేదు. 1910 మే మాసమున భూమి హేలీ తోకచుక్క తోకగుండ పోవునని, ఆ తోకలో విషవాయువు కలదని పత్రికలు వ్రాయగా, పాశ్చాత్యదేశములలో కొందరు తలుపుల సందులు మూసికొనిరి. మందుమాత్రలు కొనినవారును కలరు. ఏ కీడును కలుగలేదు. మన గురజాడ అప్పారావుగారు ఆ యేటనే ముత్యాల సరములు అను గేయమున ఆ తోకచుక్కను అరిష్టముగా గాక సంఘసంస్కరణకు శుభచిహ్నముగా భావించిరి. 1962 ఫిబ్రవరి తొలివారమున మకరరాశిలో అష్టగ్రహకూటమి ఏర్పడినపుడు మన దేశమున ఎందరో ప్రళయమని భయపడి హోమములు, శాంతులు జరిపించిరి. ఆ దినములును ప్రశాంతముగ గడచెను. 1986లో హేలీ తోకచుక్క తిరిగి రాగా, మానవులు పంపిన జియోటో నౌక దానికి 600 కిలోమీటర్ల దగ్గరకు పోయి ఛాయాచిత్రములు తీసెను. 2061లో అది మరల రావలసియున్నది.

హేలీ మహాశయుడు భవిష్యత్తునంతయు తెలిసినవాడు కాడు. తన తండ్రి యేమయ్యెనో నెలనాళ్లు తెలియక తపించినవాడు. అయినను తెలిసినదానిని లెక్కించెను, తెలియనిదానిని తెలియదని ఒప్పుకొనెను, లెక్కించినదానిని అచ్చువేసి జనుల చేతికిచ్చెను. తన తరము చూడజాలనిదానిని రాబోవు తరమునకు అప్పగించెను. ఆ అప్పగింతను అందుకొన్నది ఒక పల్లెటూరి పాఠకుడు. ప్రళయవార్త చెవిని పడినపుడు పుస్తకము తెరచి నిజమెంతయో చూచు అలవాటు గ్రామమున నిలిచియున్నంతకాలము హేలీ శ్రమ వ్యర్థము కాదు.